దారి తప్పిన కరెంటు కోసం గాలింపు

తీగలో ఉండాల్సిన కరెంటు వీధి దీపం స్తంభంలోకో, మ్యాన్‌హోల్ మూతలోకో, ఇనుప కంచెలోకో చేరడాన్ని స్ట్రే వోల్టేజ్ అంటారు. తీగ మీది తొడుగు చీకిపోయినా, అతుకు చెడినా, రోడ్డు తవ్వేటప్పుడు కేబులుకు గడ్డపార తగిలినా ఇది జరగవచ్చు. పైకి ఏ తేడా కనబడదు. దీపం యథాప్రకారం వెలుగుతూనే ఉంటుంది.

మరి ఫ్యూజు ఎందుకు పోదు? స్తంభాన్ని నేలలో పాతారు కదా, కరెంటు భూమిలోకి పోతుందిలే అని చాలామంది నమ్మకం. అసలు ప్రమాదం ఈ నమ్మకంలోనే ఉంది. మట్టి మంచి వాహకం కాదు. 25 ఓమ్‌ల నిరోధం ఉన్న నేల గుండా 230 వోల్టులు పంపగలిగేది సుమారు 9 ఆంపియర్లే. సరఫరా లైను ఫ్యూజుకు అదొక లెక్క కాదు. మనిషి గుండె ఆగిపోవడానికి మాత్రం ఆంపియరులో పదో వంతు చాలు. అందుకే స్తంభాలనూ మూతలనూ మట్టికి వదిలేయకుండా, లోహపు తీగతో, కరెంటు తిరిగి వెళ్లే తీగ అయిన న్యూట్రల్‌కు కలుపుతారు. అప్పుడు లోపం తలెత్తిన వెంటనే భారీగా కరెంటు పారి, ఫ్యూజు పోయి, సరఫరా ఆగిపోతుంది. కానీ ఆ తీగ కూడా తుప్పు పడుతుంది, తెగిపోతుంది. కాబట్టి ఫిర్యాదు వచ్చేదాకా ఆగడం రక్షణ కాదు. విద్యుత్ సంస్థే వెతుక్కుంటూ వెళ్లాలి.

న్యూయార్క్ ఈ పాఠాన్ని ఒక నిండు ప్రాణం పోయాక నేర్చుకుంది. 2004 జనవరిలో ఈస్ట్ విలేజ్ ప్రాంతంలో కుక్కలతో నడిచి వెళ్తున్న ఒక యువతి, వీధిలోని లోహపు మూతపై కాలు పెట్టి చనిపోయింది. ఆ నగరంలో విద్యుత్ కేబుళ్లు చాలావరకు నేల కిందే ఉంటాయి. చలికాలంలో మంచు కరగడానికి చల్లే ఉప్పు, కరిగిన నీటితో కలిసి కిందికి దిగి కేబుళ్ల తొడుగును పాడుచేస్తుంది. పైగా ఉప్పునీటిలో కరెంటు సులువుగా పారుతుంది. చెప్పులు లేని కుక్కలకు ముందుగా షాక్ తగలడానికి కారణం అదే.

మరుసటి ఏడాది న్యూయార్క్ పబ్లిక్ సర్వీస్ కమిషన్, జనం చేతికి అందే ప్రతి విద్యుత్ కట్టడాన్నీ ఏటా పరీక్షించాలని, అయిదేళ్లకోసారి కళ్లారా తనిఖీ చేయాలని సంస్థలను ఆదేశించింది. నగరానికి సరఫరా చేసే కాన్ ఎడిసన్, వీధుల్లో నెమ్మదిగా సాగుతూనే విద్యుత్ క్షేత్రాన్ని పసిగట్టే వాహనాలను దింపింది. వాహనం అనుమానించిన చోట సిబ్బంది దిగి, వోల్టుమీటరుతో కొలుస్తారు. పక్క తీగల ప్రభావంతో కనిపించే ఉత్తుత్తి వోల్టేజీ కూడా మీటరును కదిలిస్తుంది. అందుకని మనిషి శరీరానికి బదులుగా 500 ఓమ్‌ల నిరోధకాన్ని మీటరుకు అడ్డంగా కలిపి మళ్లీ కొలుస్తారు. అంకె పడిపోతే అది ఉత్తుత్తిది, నిలిస్తే నిజమైన లోపం. అక్కడి ప్రమాణాల ప్రకారం ఒక వోల్టు, అంతకు మించిన ప్రతి లోపాన్నీ సరిచేయాలి. చుట్టూ 30 అడుగుల మేర మిగతా లోహపు వస్తువులనూ పరీక్షించాలి. ఆ చోటు సురక్షితమయ్యేదాకా ఒక మనిషి కాపలా ఉండాలి. ఈ నిబంధనలన్నిటిలోకీ విలువైనది ఈ కాపలానే. మరమ్మతు ఆలస్యమైనా, ఆ లోగా దారిన పోయేవారు బలి కారు.

తెలుగు రాష్ట్రాల్లో లైన్లు ఎక్కువగా తలపైనే ఉంటాయి కాబట్టి గండం వానాకాలంలో, ఇనుప స్తంభాలతోనూ, స్తంభం ఒరగకుండా నేలకు బిగించే స్టే వైర్లతోనూ వస్తుంది. స్టే వైరు మధ్యలో గుడ్డు ఆకారంలో కనిపించే పింగాణీ ఇన్సులేటరు, పైన లైను తగిలినా కరెంటు కింద మనిషి చేతికి అందే భాగం దాకా రాకుండా ఆపుతుంది. అది పగిలినా, లేకపోయినా, స్తంభం ముట్టుకుంటే జివ్వుమన్నా ఎవరినీ దగ్గరికి పోనివ్వకుండా 1912కు ఫోన్ చేయాలి. అప్పుడు లైనుకు సరఫరా ఆపించాకే సిబ్బంది మరమ్మతుకు దిగుతారు.