ముక్కలు కూర్చుకొన్న బొమ్మ

సంక్రాంతికి బొమ్మల కొలువు తీర్చే ఇళ్ళలో ఒక ఆచారము కనబడుతుంది. కొత్త బొమ్మలు ఎన్ని వచ్చినా పాతబొమ్మకు చోటు తప్పదు. రంగు వెలసిన శెట్టి, శెట్టెమ్మలు, కొమ్ము విరిగిన ఎద్దు, ఏటేటా తమ మెట్టుమీద తాము కూర్చుండవలసినదే. మా అమ్మగారి కొలువులో ఇట్టివారి నడుమ ఒక విదేశీయుడు చాలాకాలము కొలువుదీరి ఉండెను. అతడు జానెడైనను లేని ప్లాస్టిక్ ముసలివాడు; ఎరుపు దేహము, చేత ఒక కోల. పేరు వకామా.

2002 వేసవిలో అమెరికానుండి సెలవులకు వచ్చిన మా మేనల్లుడు అతనిని వెంట తెచ్చినాడు. అప్పటికి వానికి ఎనిమిదేండ్లు. “ఈ ముసలాయన ఎవరురా?” అని అమ్మమ్మ అడిగితే, “ఊరి పెద్ద, అమ్మమ్మా! పిల్లలకు కథలు చెబుతాడు” అన్నాడు. ఆ మాటతో వకామాకు మా ఇంట పౌరసత్వము లభించినది. తిరుగు ప్రయాణపు తొందరలో పిల్లవాడు బొమ్మను మరచిపోయినాడు. కొన్నాళ్ళకు దాని ముఖమునకు తగిలించిన ముసుగు ఊడివచ్చినది. అమ్మగారు దానిని కుంకుమభరిణలో దాచినారు. మేము తగిలించబోతే వారించి, “వాడు వచ్చి పెడతాడులే” అనేవారు.

ఇంతకూ ఈ బొమ్మ ఏ జాతిది? దానియందు పిల్లలకు అంత మక్కువ ఏల? పెద్దవారైన పిమ్మట కూడ దానిని తలచుకొని నిట్టూర్చుట ఎందుకు? ఈ ప్రశ్నలకు సమాధానము వెదకుదాము.

డెన్మార్కు దేశమున బిల్లుండ్ అనే చిన్న ఊరిలో ఓలె కిర్క్ క్రిస్టియన్‌సెన్ అనే వడ్రంగి 1932లో కొయ్యబొమ్మలు చేయ మొదలుపెట్టినాడు. ‘చక్కగా ఆడుకో’ అని అర్థమిచ్చే రెండు డేనిష్ మాటలను కుదించి తన సంస్థకు లెగో అని పేరు పెట్టుకొన్నాడు. కొంతకాలమునకు కొయ్యస్థానమున ప్లాస్టిక్ వచ్చినది. ఒకదానినొకటి గట్టిగా పట్టుకొనే ఇటుక నిర్మాణమునకు 1958 జనవరి 28న పేటెంటు కొరకు దరఖాస్తు చేసినారు. ఆనాటి ఇటుక నేటి ఇటుకతో కూడ అతుకుతుందన్నచో, కొలతలలో వారు పాటించిన నిష్ఠ ఎట్టిదో ఊహింపవచ్చును. 1977లో ఇరుసులు, పళ్ళచక్రములు గల టెక్నిక్ ముక్కలు వచ్చినవి. ఇటుకలతో ఇల్లు కట్టిన పిల్లవాడు వీనితో యంత్రమును కట్టగలిగినాడు.

అయినను ఇల్లు వేరు, మనిషి వేరు. మనిషి బొమ్మకు కీళ్ళు కావలె. మన భుజమునందు ఎముక గుండుభాగము గిన్నెవంటి గుంటలో తిరుగుతుంది. దీనినే శరీరశాస్త్రములో బంతి గిన్నె కీలు అంటారు. ఇదే ఉపాయమును లెగోవారు 1999లో త్రోబాట్స్ అనే యంత్రవీరుల బొమ్మలలో ప్రయోగించినారు. దానితో బొమ్మ చేయి అన్ని దిక్కులకు తిరుగుటయేగాక, పిల్లవాడు ఏ భంగిమలో నిలిపితే ఆ భంగిమలో నిలబడసాగినది.

ఈ పునాదిపై 2001లో బయోనికిల్ వెలసినది. ‘జీవసంబంధమైన చరిత్ర’ అని అర్థమిచ్చే రెండు ఇంగ్లీషు మాటల కలయిక ఆ పేరు. మాతా నుయీ అనే ద్వీపమునకు ఆరుగురు వీరులు కొట్టుకొని వస్తారు: నిప్పుకు తాహు, నీటికి గాలీ, గాలికి లేవా, నేలకు ఒనువా, రాతికి పోహాటు, మంచుకు కోపాకా. వీరు టోవాలు. వీరికంటె చిన్నవి, చౌకైనవి ఆరుగురు గ్రామపెద్దల బొమ్మలు. మా వకామా వారిలో నిప్పుగ్రామము పెద్ద. టోవా బొమ్మకు ముక్కలు ముప్పదికి అటు ఇటుగా ఉండేవి. వీపున ఉన్న పళ్ళచక్రమును తిప్పితే చేయి ఊగి ఎదుటివాని ముసుగును పడగొట్టేది. ముసుగులు ఊడదీసి మార్చుకొనవచ్చును. ఒకనివద్ద రెండున్నచో ఒకటి స్నేహితునికిచ్చి వేరొకటి పుచ్చుకొనవచ్చును.

ఈ కథ వెనుక వేరొక కథ ఉన్నది. బయోనికిల్ కల్పనలో ప్రధానుడైన క్రిస్టియన్ ఫేబర్ అనే డేనిష్ చిత్రకారుడు మెదడులో కణితికి చికిత్స పొందుచుండెను. తన శరీరములో ప్రవేశించిన మందు లోపలి వ్యాధితో పోరాడుచున్నదని ఊహించుకొనుట ఆయనకు అలవాటైనది. ఆ ఊహయే బొమ్మలకు మూలము. వీరులు వచ్చిన డబ్బాలు మందుగొట్టములు. వారు రక్షింపవచ్చిన ద్వీపము క్రింద నిద్రించునది రోగగ్రస్తుడైన ఒక మహాకాయుడు. ఈ రహస్యము 2008 వరకు కథలో బయటపడలేదు. రోగి ఒకడు తన ధైర్యము కొరకు కల్పించుకొన్న చిత్రము లోకములోని పిల్లలకు ఆటవస్తువైనది. ఆ పిల్లలలో ఎంతమందికి ఈ సంగతి తెలియును? తెలియకున్నను, చిన్నవాడు పెద్ద ఆపదకు ఎదురు నిలువగలడను ధీమా మాత్రము వారికి అందినది.

మరియొక విషయము విస్మరింపరాదు. ఈ బొమ్మల పేర్లలో పెక్కు న్యూజిలాండు ఆదివాసులైన మావోరీల భాషనుండి తీసినవి. టోవా అనగా వీరుడు. కనోహి అనగా ముఖము. ద్వీపవాసులకు పెట్టిన తొహుంగా అను పేరు మావోరీలలో పండితునికి, పురోహితునికి చెల్లే గౌరవవాచకము. తమ పవిత్రపదములను అడుగకయే అంగడిసరకుపై అంటించినారని 2001లో మావోరీలు అభ్యంతరము తెలిపినారు. సంస్థ ఆలకించి తొహుంగా అను పేరును మటోరన్‌గా మార్చినది. ఇకముందు అట్టి వాడుక మానుకొందుమని అంగీకరించినది. బొమ్మ చిన్నదే కావచ్చును, దానిపై వ్రాసిన మాట ఒక జాతి సొత్తు. మన దేవతల పేర్లు ఎక్కడెక్కడనో అచ్చుపడినపుడు మనకు కలిగే నొప్పిని తలచుకొన్నచో ఇది సులభముగా బోధపడుతుంది.

వ్యాపారదృష్టితో చూచినను ఈ బొమ్మలది చిన్న పాత్ర కాదు. 1998లో లెగో సంస్థ తన చరిత్రలో తొలిసారి నష్టమును చూచినది. 2003, 2004 సంవత్సరములలో మునిగిపోవునేమో అన్న స్థితికి వచ్చినది. ఆ గడ్డుకాలమున సంస్థను ఆదుకొన్న సరకులలో బయోనికిల్ ఒకటి. 2010లో దాని తయారీ ఆగినది. 2015లో మరల మొదలై, 2016లో మరల ఆగిపోయినది.

ఇక పాతబొమ్మలపై బెంగ సంగతి. గతముకొరకు పడే ఈ వేదనకు పాశ్చాత్యులు నోస్టాల్జియా అని పేరు పెట్టినారు. 1688లో యోహాన్నెస్ హోఫర్ అను స్విట్జర్లండు వైద్యవిద్యార్థి గ్రీకు పదములు రెంటిని కలిపి ఈ మాటను సృష్టించినాడు: ఇల్లు చేరుట ఒకటి, నొప్పి మరొకటి. ఆయన దృష్టిలో అది పరదేశమున ఉన్నవారిని పీడించే వ్యాధి. నేడు దానిని వ్యాధి అనరు. అయినను ఆ మాటలోని ఇల్లు ఎక్కడికీ పోలేదు. ముప్పదియేండ్లవాడు పాతబొమ్మను వెదకుట ప్లాస్టిక్ కొరకు కాదు. ఏ నేలమీద బోర్లపడి దానిని కూర్చినాడో ఆ నేల కొరకు.

అయితే అన్ని బొమ్మలు ఇంత గాఢముగా మనసున నాటుకొనవు. కూర్చుకొన్న బొమ్మకు గల విశేషమేమి? మైకేల్ నార్టన్, డేనియల్ మోకాన్, డాన్ ఏరియలీ అను పరిశోధకులు 2012లో ప్రచురించిన వ్యాసము దీనికి కొంత సమాధానమిచ్చినది. విడిభాగములుగా వచ్చిన పెట్టెలను బిగించుట, కాగితము మడచుట, లెగో ముక్కలు కూర్చుట వంటి పనులు కొందరిచే చేయించి చూచినారు. తమ చేతితో పూర్తిచేసిన వస్తువునకు మనుషులు ఎక్కువ విలువ కట్టినారు. పని సగములో ఆగినపుడు, కట్టినదానిని విప్పివేసినపుడు, ఆ అభిమానము నిలువలేదు. అనగా శ్రమ ఒక్కటే చాలదు, శ్రమ ఫలించవలె. చిన్నబొమ్మ గొప్పతనము ఇక్కడనే ఉన్నది. వేయిముక్కల కోట ముందు పిల్లవాడు తండ్రిని పిలుస్తాడు. ముప్పది ముక్కల వీరుని ముందు ఎవరినీ పిలువడు. వెల తక్కువ గనుక, కూడబెట్టిన డబ్బుతో తానే కొనగలడు. పని చిన్నది గనుక, తానే పూర్తిచేయగలడు. ‘ఇది నేను చేసినది’ అను వాక్యమును బాల్యములో అనగలిగే అవకాశములు ఎన్ని ఉన్నవి?

మన కొండపల్లి బొమ్మను దీనితో పోల్చి చూడవచ్చును. అదియు ముక్కలు కూర్చినదే. తెల్లపొణికి కొయ్యను వేడిచేసి తేమ పోగొట్టి, కాళ్ళుచేతులు విడిగా చెక్కి, చింతపిక్కల పిండిని రంపపుపొట్టుతో కలిపిన మక్కుతో అతుకుతారు. అయితే కూర్చుటలోని ఆనందము అక్కడ శిల్పిది. పిల్లవానికి చూచుటలోని ఆనందము. బయోనికిల్ బొమ్మలో శిల్పి తన పనిలో చివరిభాగమును పిల్లవానికి విడిచిపెట్టినాడు. ఒకటి గొప్ప, ఒకటి తక్కువ అని మా అభిప్రాయము కాదు. రెండును ఒకే మెట్టుమీద కూర్చుండగలవని మా అమ్మగారు ముందే తేల్చిన విషయము.

మా మేనల్లుడు మరల ఆ ఇంటికి వచ్చుటకు ఇరువదియేండ్లు పట్టినది. చదువులు, ఉద్యోగము, పిదప ప్రయాణములు లేని రోజులు. వచ్చేసరికి అమ్మమ్మ లేదు. ఆమె తరువాత మా ఇంట కొలువు తీర్చినవారును లేరు. పెట్టె తెరచి బొమ్మలను ఒక్కొక్కటే పాతచీర మడతలనుండి తీయుచుండగా వకామా బయటపడినాడు. మేము కుంకుమభరిణ తెచ్చి ఇచ్చినాము. వాడు మూత తీసి ముసుగును చూచినాడు. దాని అంచులలో కుంకుమ చేరి ఉన్నది. తుడువలేదు. బొటనవ్రేలితో ఒక్కసారి నొక్కినాడు. టక్కుమని చిన్న శబ్దము.

ఇరువదియేండ్లు ఆగిన పని పూర్తియగుటకు ఒక్క క్షణము చాలినది. ఆ క్షణము కొరకు ఆమె ఎన్ని సంక్రాంతులు ముసుగులేని బొమ్మను మెట్టుమీద నిలిపినదో మేము లెక్కించుచుంటిమి. వాడు చాలసేపు మాట్లాడలేదు. తరువాత, “మామయ్యా, కొలువు ఎట్లా తీర్చాలో నాకు చెప్పండి” అన్నాడు.

ఆ యేడు మా ఇంట కొలువు మరల తీరినది. శెట్టి, శెట్టెమ్మల ప్రక్క వకామా తన చోట తానే కూర్చున్నాడు.