ఎఫెక్టివా... ఎఫిషియెంటా?

ఎఫెక్టివ్, ఎఫిషియెంట్, ఎఫికేషియస్... వినడానికి అక్కచెల్లెళ్లలా ఉంటాయి. మూడింటికీ లాటిన్ మూలం ఒక్కటే. నిఘంటువు తిరగేస్తే అర్థాలూ దగ్గరదగ్గరగానే కనిపిస్తాయి. కానీ ఒకదాని చోట ఇంకొకటి పెడితే చెప్పదలచుకున్నది మారిపోతుంది. పాతబస్తీలో, షాలిబండ దగ్గర ఆడపిల్లలకు సాయంత్రంపూట ఇంగ్లీషు చెబుతుంటాను కనుక ఈ సందేహం నాకు తరచూ ఎదురవుతుంది. వాళ్లకు నేను లాడ్‌బజారు గాజులనే ఉదాహరణగా చెబుతాను.

లక్కను వేడిచేసి మెత్తబరిచి, గాజుగా వంచి, రాళ్లు ఒక్కొక్కటిగా చేత్తో అద్దుతారు. రాళ్లు ఊడకుండా నిలిచాయంటే ఆ పద్ధతి ఎఫెక్టివ్. అంటే అనుకున్న ఫలితం వచ్చిందన్నమాట. అదే పని తక్కువ బొగ్గుతో, రాళ్లు వృథా కాకుండా, త్వరగా ముగిస్తే ఎఫిషియెంట్. పొయ్యి ఆర్పడానికి బిందెడు నీళ్లు గుమ్మరిస్తే ఆరుతుంది, ఎఫెక్టివే. ఎఫిషియెంట్ మాత్రం కాదు!

ఎఫికేషియస్ ఎక్కువగా మందులకు వాడే మాట. ‘ఈ మందుకు గుణం ఉంది’ అంటామే, అది. మన హైదరాబాద్‌లో తయారైన కోవాగ్జిన్‌నే తీసుకోండి. జబ్బు లక్షణాలు రాకుండా ఆపడంలో దాని ఎఫికసీ 77.8 శాతమని 2021లో మూడోదశ పరీక్షల్లో తేలింది. అదే ఏడాది డెల్టా రకం విజృంభించినప్పుడు ఢిల్లీ ఎయిమ్స్ సిబ్బందిలో చూస్తే ఎఫెక్టివ్‌నెస్ 50 శాతం వచ్చింది. మొదటిది కట్టుదిట్టమైన నియమాలతో చేసిన పరీక్ష. రెండోది రోగుల మధ్య పనిచేస్తున్నవాళ్లలో కొలిచిన లెక్క. ఈ తేడా తెలియకపోతే ఎవరో అబద్ధమాడారనుకుంటాం.

మా క్లాసులో ఒకమ్మాయి గాజుల దుకాణంలో లెక్కలు రాస్తుంది. ‘టీచర్, బయోడేటాల ఎఫిషియెంట్ అని రాయాల్నా, ఎఫెక్టివ్ అనా?’ అనడిగింది. ఇద్దరి పని ఒక్కతే చేస్తోందట. ‘అయితే ఎఫిషియెంట్ అని రాసుకో’ అన్నాను. పక్కనున్న పిల్ల వెంటనే, ‘మరి జీతం గూడ ఇద్దరిది ఇస్తున్నరా?’ అంది. క్లాసంతా ఒకటే నవ్వు.

నవ్వులాటకన్నా అందులో నిజమే ఉంది. ఆడవాళ్లను మెచ్చుకోవాలంటే చాలామందికి తోచేది ఎఫిషియెంట్ అన్న మాటే. పొదుపుగా, చకచకా చేసుకుపోతుందని. ఆ పనివల్ల ఏం సాధించిందో చెప్పేది ఎఫెక్టివ్. అందుకే దరఖాస్తులో వీటిలో ఒకటి ఏరుకుని ఊరుకోకండి. మీవల్ల పాత బాకీలు వసూలయ్యాయా, సరుకు లెక్క తేలిందా? ఆ సంగతీ పక్కనే ఒక వాక్యంలో రాయండి. మాటకు విలువ తెచ్చేది ఆ వాక్యమే.