రీబై ఖరీదు ఎంట్రీ ఫీజుతో తేలదు

కోనసీమలో పేకాట తెలిసినవాళ్లకు ‘రీజాయిన్’ అంటే ఏంటో చెప్పక్కర్లేదు. పూల్ రమ్మీలో పాయింట్లు నిండి అవుటైనవాళ్లు మళ్లీ డబ్బు కడతారు. ఆటలో మిగిలినవారిలో ఎవరికి ఎక్కువ పాయింట్లున్నాయో చూసి, దానికి ఒకటి కలిపి మళ్లీ కూర్చుంటారు. పోకర్ టోర్నమెంట్లలో దీనికి అన్నలాంటిది ‘రీబై’. మొదటి గంట, గంటన్నర వరకు ఎన్నిసార్లు చిప్స్ అయిపోతే అన్నిసార్లు డబ్బు కట్టి కొత్త చిప్స్ తీసుకోవచ్చు. ఆ గడువు ముగిశాక ‘యాడ్-ఆన్’ పేరుతో చివరిసారి ఇంకొన్ని కొనుక్కోనిస్తారు.

పోకర్‌నే కెరియర్‌గా మలుచుకోవచ్చని చెప్పే రీల్స్ మీ ఫోన్‌లోకీ వచ్చే ఉంటాయి. వాటిలో రెండే అంకెలు కనిపిస్తాయి: ఎంట్రీ ఫీజు, మొదటి బహుమతి. మధ్యలో పోయేదాని సంగతి ఉండదు. డిగ్రీ అయ్యాక ఉద్యోగం వచ్చేలోపు ఖర్చులకు వస్తాయిలే అనుకునేవారు ఆ మధ్య లెక్కను కాగితం మీద వేసి చూడాలి.

ఒక టోర్నమెంట్ ఊహించుకోండి. ఎంట్రీ 1000 రూపాయలు, నిర్వాహకుల రుసుం 100. దీనికి 5000 చిప్స్ ఇస్తారు. రీబై 1000, యాడ్-ఆన్ 1000. కుదురుగా ఆడేవాళ్లకైనా రెండు రీబైలు, ఒక యాడ్-ఆన్ పడటం మామూలే. అంటే 1100 అనుకున్న ఆట 4100 అయింది. ‘వంద ఎంట్రీలకు సరిపడా డబ్బు పక్కన ఉంటేనే టోర్నమెంట్లు ఆడు’ అని పోకర్ ఆటగాళ్లలో ఒక మాట ఉంది. రీబై ఆటలో ఆ లెక్క 1,10,000తో సరిపోదు, 4,10,000 కావాలి. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. బోర్డు మీద రాసిన ధర చూసి కూర్చుంటారు, సగటు ధర చూడరు.

ఇక వ్యూహం. రీబై గడువులో బల్ల మీద అందరూ దూకుడుగా ఉంటారు. ‘పోతే పోయిందండీ, ఇంకోటి కొందాం’ అన్న ధైర్యంతో సగం ముక్కలకే ఉన్నదంతా తోసేస్తారు. వాళ్లను చూసి మీరూ తోస్తే జేబు ఖాళీ. మంచి ముక్కలొచ్చేదాకా ఆగి, అప్పుడు పెద్దగా పెట్టడమే ఆ దశలో తెలివైన పని. రీబై విలువ సమయాన్ని బట్టి మారుతుందన్నది రెండో సంగతి. ముక్కలు పంచకముందే ఇద్దరు తప్పనిసరిగా పెట్టాల్సిన పందేన్ని బ్లైండ్ అంటారు. మొదట్లో పెద్ద బ్లైండ్ 50 ఉంటే మీ 5000 చిప్స్ దానికి వంద రెట్లు. గడువు చివర్లో బ్లైండ్ 600కి చేరాక అదే 1000 రూపాయలు కడితే వచ్చే 5000 చిప్స్ దానికి ఎనిమిది రెట్లే. ఆట ఆడటానికి కాదు, ఒక్క చేతిలో అదృష్టం చూసుకోవడానికే అవి సరిపోతాయి. ఆఖరి పది నిమిషాల రీబై చాలాసార్లు దండగ అనేది అందుకే.

యాడ్-ఆన్ సంగతి వేరు. అదే 1000కి 10,000 చిప్స్ ఇస్తుంటే ఒక్కో చిప్ సగం ధరకు వస్తున్నట్టే. చేతిలో ఆరేడు వేల చిప్స్ మాత్రమే ఉన్నవారికి అది నిజంగా ఉపయోగం. ఇప్పటికే 80 వేలున్నవారికి పెద్ద తేడా రాదు. కాబట్టి ఎంట్రీ కట్టేటప్పుడే యాడ్-ఆన్ డబ్బు విడిగా పెట్టుకుని, రీబైలు ఎన్నో అంకె రాసుకుని కూర్చుంటారు లెక్క తెలిసినవాళ్లు. బల్ల దగ్గర కూర్చున్నాక ఆ అంకె నిర్ణయించాలంటే కుదరదు. అప్పటికి పోయిన డబ్బే మాట్లాడుతుంటుంది.

ఇంత క్రమశిక్షణ ఉన్నా ఏం జరుగుతుందో చూద్దాం. మీరు సగటు కంటే మెరుగైన ఆటగాడే అనుకుందాం. వంద టోర్నమెంట్లలో 15 సార్లు ఏదో ఒక బహుమతి వస్తుంది. అలాంటివాళ్లలో కూడా ప్రతి ఐదుగురిలో ఒకరికి వరసగా పది ఆటల్లో ఒక్క రూపాయీ రాదు. 0.85ను పదిసార్లు గుణిస్తే 0.197 వస్తుంది, ఫోన్‌లో చేసి చూసుకోండి. పది ఆటలంటే 41,000 రూపాయలు. అమలాపురంలోనో కొత్తపేటలోనో మొదటి ఉద్యోగంలో చేరినవాళ్లు ఆ డబ్బు కూడబెట్టడానికి ఎన్ని నెలలు పడుతుందో ఇంట్లో అడగండి.

బహుమతి వచ్చినా లెక్క తేలదు. ఆఖరి బహుమతి 5000 అనుకుందాం. పేకాట గెలుపు మీద పన్ను 30 శాతం, దానిపై 4 శాతం సెస్సు. ఆడటానికి పెట్టిన ఖర్చును ఇందులోంచి తీసేయడానికి ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. అంటే 1560 పోగా 3440 మిగులుతుంది. ఖర్చు 4100. చప్పట్లు కొట్టించుకుని 660 నష్టంతో ఇంటికొస్తారు!

రీబైలో అసలు మొగ్గు ఎవరికంటే మళ్లీ మళ్లీ కట్టగలిగినవాళ్లకే. ప్రపంచ స్థాయిలో అతి పెద్దదైన వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్‌లో 2006లో డేనియల్ నెగ్రాను అనే పేరున్న ఆటగాడు 1000 డాలర్ల టోర్నమెంట్లో నలభైకి పైగా రీబైలు చేశాడు. డబ్బున్నవాళ్లు గెలుపును కొనుక్కుంటున్నారన్న విమర్శలు పెరిగి, 2009 నుంచి ఆ పోటీల్లో రీబై తీసేశారు. రాజోలు కుర్రాడు దాచుకున్న నాలుగు వేలతో కూర్చునే బల్ల మీద ఎదుటివాడి దగ్గర ఎన్ని వేలున్నాయో ఎవరికి తెలుసు?

‘ఐఐఎంలోనే పోకర్ పాఠం చెబుతున్నారు కదా’ అనేవారున్నారు. నిజమే, ఐఐఎం కోళికోడ్‌లో ఆ కోర్సు పెట్టారు. అమెరికాలోని ఎంఐటీ 2015 నాటి ‘పోకర్ థియరీ అండ్ అనలిటిక్స్’ పాఠాలను ఓపెన్‌కోర్స్‌వేర్‌లో ఉచితంగా ఉంచింది. అక్కడ నేర్పేది సంభావ్యత, నిర్ణయాలు తీసుకునే పద్ధతి. బ్యాంకు పరీక్షలకు, డేటా అనలిటిక్స్‌కు, యాక్చువరీ కోర్సులకు పనికొచ్చేదే. రూపాయి కట్టకుండా చూడొచ్చు, చూడండి.

డబ్బు పెట్టి ఆడటం దగ్గరే చట్టం అడ్డొస్తుంది. రమ్మీ నైపుణ్యం ఉన్న ఆటేనని 1967లో సుప్రీంకోర్టు చెప్పింది మన సికింద్రాబాద్ క్లబ్బు కేసులోనే. పందెం మీద క్లబ్బు లాభం చేసుకుంటే సంగతి వేరని కూడా అందులోనే ఉంది. ఆ తీర్పును పట్టుకుని ఇప్పుడు ఫోన్‌లో ఆడితే కుదరదు. ఆంధ్రప్రదేశ్‌లో 1974 నాటి గేమింగ్ చట్టం పరిధిలోకి 2020లో ఆన్‌లైన్ ఆటలనూ తెచ్చారు. ఆడేవారికీ 6 నెలల వరకు జైలని ఆ ఏడాది సెప్టెంబరులో రాష్ట్ర మంత్రివర్గం ప్రకటించింది. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన కేంద్ర చట్టం దేశమంతటా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. నడిపేవారికి 3 ఏళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ఆ దెబ్బకు పేరున్న కంపెనీలు డబ్బు ఆటలు ఆపేశాయి. ఇంకా నడుస్తున్నామంటూ గ్రూపుల్లో లింకులు పంపేవాళ్లకు ఎవరెవరి ఖాతాల్లోనో డబ్బు వేయాల్సి ఉంటుంది. ఆ ఖాతా ఏదైనా సైబర్ మోసం ఫిర్యాదులో తేలితే మీ బ్యాంకు ఖాతా కూడా స్తంభించవచ్చు.

ఉద్యోగార్థులకు దీనికంటే పెద్ద చిక్కు ఇంకోటుంది. సంక్రాంతికి కోడిపందేల బరుల పక్కన పేకాట, గుండాట శిబిరాలు వెలుస్తాయి. అక్కడ పట్టుబడి, కోర్టులో ఒప్పుకుని కొద్దిపాటి జరిమానా కట్టేసి ‘అయిపోయిందండీ’ అనుకుంటారు. చట్టం దృష్టిలో అది శిక్ష పడినట్టే. ప్రభుత్వ ఉద్యోగం వచ్చాక నింపే అటెస్టేషన్ ఫారంలో ఎప్పుడైనా అరెస్టయ్యారా, మీపై కేసు నడిచిందా, కోర్టు జరిమానా వేసిందా అని విడివిడిగా అడుగుతారు. దాచిపెట్టి దొరికితే ఉద్యోగం పోవచ్చు. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు దీని మీద వివరంగా చెప్పింది: సమాచారం నిజంగా ఇవ్వాలి, చిన్న నేరమైతే క్షమించాలా వద్దా అన్నది నియమించే అధికారి విచక్షణ.

ఇప్పటికే అలాంటి కేసు ఉన్నవారు భయపడి ‘లేదు’ అని రాయకండి. కేసు నంబరు, పోలీస్ స్టేషన్, కోర్టు పేరు, జరిమానా కట్టిన తేదీ రాసి పెట్టుకోండి. తీర్పు ధ్రువీకృత నకలు కోసం ఆ కోర్టులోనే కాపీ దరఖాస్తు పెట్టాలి. నోటిఫికేషన్ వచ్చేదాకా ఆగకుండా ఇప్పుడే తీసుకుంటే మంచిది, పాత ఫైలు వెతికించడానికి వారాలు పట్టొచ్చు.