హైబ్రిడ్ బండి… మీటరు మాట నమ్మొచ్చా?

2025 నవంబరులో మారుతీ సుజుకి 39,506 గ్రాండ్ విటారా బండ్లను వెనక్కి పిలిచింది. కారణం బ్రేకులు కావు, ఎయిర్‌బ్యాగులూ కావు. ట్యాంకులో పెట్రోలు ఎంతుందో చెప్పే సూచిక, అయిపోవస్తోందని వెలిగే హెచ్చరిక దీపం సరైన స్థాయిని చూపించకపోవచ్చన్నది అనుమానం. అదే నెలలో, అదే కారణంతో టొయోటా కిర్లోస్కర్ కూడా 11,529 అర్బన్ క్రూజర్ హైరైడర్‌లను పిలిచింది. పేర్లూ ముఖాలూ వేరైనా రెండు బండ్ల లోపలి నిర్మాణం ఒకటే. 2024 డిసెంబరు 9కీ 2025 ఏప్రిల్ 29కీ మధ్య తయారైన వాటికి ఈ పిలుపు వర్తించింది.

బ్రేకులో లోపమంటే గుండె గుభేలుమంటుంది. పెట్రోలు మీటరు తప్పు చూపిస్తోందంటే మాత్రం ‘ఈసారి సర్వీసుకి ఇచ్చినప్పుడు చూద్దాంలే’ అనుకుంటాం. అలా వదిలేసే విషయం కాదిది. హైదరాబాద్ నుంచి శ్రీశైలం బయల్దేరి, మన్ననూరు దాటి నల్లమలలోకి వెళ్లాక బంకు కావాలన్న చోట దొరకదు. వెనక సీట్లో చంటిపిల్లలూ పెద్దవాళ్లూ ఉన్నప్పుడు ఆ మీటరు తెర మీది గీతలే ఆధారం.

ఈ బండ్లలో పెట్రోలు ఇంజనుతో పాటు కరెంటు మోటారూ ఉండే హైబ్రిడ్ రకం కొన్నవాళ్లు ఆ గీతలను ఇంకాస్త ఎక్కువగా నమ్ముతారు. వాళ్లు కొన్నదే మైలేజీ కోసం. మామూలు పెట్రోలు రకం కన్నా లక్షలు ఎక్కువ పోసి, అదంతా పెట్రోలు ఆదాలో తిరిగొస్తుందని లెక్క వేసుకుని కొంటారు. ఆ లెక్క రెండు అంకెల మీద నిలబడింది. కంపెనీ చెప్పే మైలేజీ ఒకటి, మీటరు చూపే పెట్రోలు రెండోది. రెండూ మనం అనుకునేంత గట్టివి కావు.

27.97 ఎక్కడిది?

గ్రాండ్ విటారా, హైరైడర్ స్ట్రాంగ్ హైబ్రిడ్‌లకు ధ్రువీకరించిన మైలేజీ లీటరుకు 27.97 కిలోమీటర్లు. ట్యాంకు 45 లీటర్లు. గుణిస్తే 1,258 కిలోమీటర్లు. ఈ లెక్కన హైదరాబాద్‌లో ట్యాంకు నింపుకుని తిరుపతి వెళ్లి, దర్శనం చేసుకుని ఇంటికి తిరిగొచ్చేదాకా మళ్లీ బంకు మొహం చూడక్కర్లేదు. ఈ బండ్లు నడుపుతున్నవాళ్లను అడిగితే మాత్రం ఎక్కువగా వినిపించే మాట 20 నుంచి 24.

ఆ 27.97 ప్రయోగశాలలో పుట్టిన అంకె. పుణెలోని వాహన పరిశోధన సంస్థ ఏఆర్‌ఏఐ లాంటి చోట్ల బండిని రోలర్ల మీద నిలబెట్టి, ముందే రాసిపెట్టిన వేగాల ప్రకారం నడుపుతారు. మన దేశంలో వాడే ఆ పరీక్ష నిడివి 1,180 సెకన్లు, అంటే ఇరవై నిమిషాలు కూడా కాదు. గరిష్ఠ వేగం గంటకు 90 కిలోమీటర్లు. సగటు వేగం 35 కూడా దాటదు. గదిలో ఉష్ణోగ్రత 20 నుంచి 30 డిగ్రీలే. ఏసీ వేయరు. ఎదురుగాలి, ఎత్తుపల్లాలు, హఠాత్తుగా అడ్డొచ్చే ఆటో ఏవీ ఉండవు.

ఇందులో మోసమేమీ లేదు. ఆ పరీక్ష పెట్టిందే బండ్లన్నిటినీ ఒకే షరతుల మీద పోల్చి చూడటానికి. పోలికకు పనికొచ్చే ఆ అంకెను షోరూములో ‘ఫుల్ ట్యాంకుకి 1,200 గ్యారంటీ సార్’ అన్న హామీగా మార్చడం దగ్గరే చిక్కు మొదలవుతుంది. హైబ్రిడ్ విషయంలో ఆ చిక్కు మరింత పెద్దది. ఈ బండికి ఒకే మైలేజీ అంటూ లేదు.

ఊళ్లో ఒకటి, హైవేలో ఒకటి

మామూలు పెట్రోలు కారు హైవే మీద ఎక్కువ ఇస్తుంది, ఊళ్లో తక్కువ ఇస్తుంది. మనందరికీ అలవాటైన లెక్క ఇది. హైబ్రిడ్ దీన్ని తలకిందులు చేస్తుంది. సిగ్నల్ దగ్గర ఇంజను ఆగిపోతుంది. మెల్లగా కదిలేటప్పుడు మోటారే లాగుతుంది. బ్రేకు తొక్కినప్పుడు వేడిగా పోవాల్సిన శక్తిలో కొంత కరెంటుగా మారి బ్యాటరీకి చేరుతుంది. అమీర్‌పేటలోనో బెంజ్ సర్కిల్ దగ్గరో మామూలు కారు ఆగి, కదిలి, ఆగి పెట్రోలు తాగేసే చోట హైబ్రిడ్ తన పొదుపంతా చూపిస్తుంది.

అదే బండిని హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కించండి. అక్కడ అనుమతించిన గరిష్ఠ వేగం గంటకు 120. ఆ దారిలో బ్రేకు తొక్కే పని లేదు కాబట్టి వెనక్కి వచ్చే కరెంటూ లేదు. గాలి నిరోధం వేగం వర్గంతో పెరుగుతుంది. 80 వేగంలో ఉండే నిరోధం 120కి చేరేసరికి రెండుంపావు రెట్లవుతుంది. అక్కడ హైబ్రిడ్ కూడా, కొంచెం పొదుపైన ఇంజనున్న పెట్రోలు కారే. పరీక్షలో ఈ వేగమే లేదు కనుక 27.97లో దీని ప్రభావమూ లేదు.

ఘాట్ రోడ్డు సంగతి ఇంకా ఆసక్తికరం. తిరుమల కొండ దిగేటప్పుడు బ్యాటరీ దానంతటదే నిండిపోతుందని చాలామంది సంతోషంగా చెబుతారు. నిజమే, కానీ ఎంత? మనుషులతో కలిపి 1,600 కిలోల బండి సుమారు 700 మీటర్ల కిందికి దిగితే విడుదలయ్యే శక్తి దాదాపు మూడు యూనిట్ల కరెంటుతో సమానం. చక్రాల రాపిడికీ గాలికీ పోయింది తీసేసినా రెండు యూనిట్ల దాకా మిగలాలి. ఈ బండ్లలోని లిథియం అయాన్ బ్యాటరీ మొత్తం సామర్థ్యం 0.76 యూనిట్లు. అందులోనూ బ్యాటరీ మన్నిక కోసం కొంత భాగాన్నే వాడతారు. కుండపోత వానలో చెంబు పెట్టినట్టే. సగం కొండ దిగకముందే అది నిండిపోతుంది. అక్కణ్నుంచి బండి వేగాన్ని ఇంజనూ మామూలు బ్రేకులూ పట్టి ఉంచుతాయి. లీటరు పెట్రోలులో దాదాపు 9 యూనిట్ల శక్తి ఉంటుందని గుర్తుంచుకుంటే, కొండ దిగినందువల్ల మిగిలేది ఏ పాటిదో తెలుస్తుంది. కొండ ఎక్కేటప్పుడు తాగిన పెట్రోలు వెనక్కి రాదు.

ఇక మన ఎండలు. రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెల మధ్యాహ్నం ఏసీ లేకుండా కారెక్కలేం. ఈ బండ్లలో ఏసీ కంప్రెసరు కరెంటు మీద నడుస్తుంది. సిగ్నల్ దగ్గర ఇంజను ఆగినా చల్లదనం ఆగదు, అది మంచి సౌకర్యమే. ఆ కరెంటు మాత్రం బ్యాటరీదే. బ్యాటరీ తగ్గగానే నిలబడిన బండిలోనే ఇంజను అందుకుంటుంది. పిల్లల్ని బడిలో దింపి వచ్చే రెండు కిలోమీటర్ల ప్రయాణాలూ ఇంతే. చల్లారిన ఇంజనూ, పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టరూ వేడెక్కేదాకా ఇంజను నడవాల్సిందే. అది వేడెక్కి పొదుపు మొదలయ్యేసరికి ఇల్లొచ్చేస్తుంది.

ట్యాంకులో తేలే ముక్క

మీటరు దగ్గరికి వద్దాం. ట్యాంకులో పెట్రోలు మీద తేలే ఫ్లోట్ ఒకటి ఉంటుంది. దానికి ఒక కడ్డీ. పెట్రోలు మట్టం తగ్గితే కడ్డీ కిందికి వంగి, దాని మొదట్లో ఉన్న విద్యుత్ నిరోధకం విలువను మారుస్తుంది. ఆ మార్పును కంప్యూటరు లీటర్ల లెక్కలోకి తెచ్చి తెర మీద గీతలుగా చూపిస్తుంది. ట్యాంకు చూస్తే చతురస్రపు డబ్బా కాదు. వెనక సీటు కింద, పొగగొట్టాన్నీ ఇరుసునూ తప్పించుకుంటూ వంకరటింకరగా ఒదిగి ఉంటుంది. పైన ఒక సెంటీమీటరు మట్టానికీ అడుగున ఒక సెంటీమీటరు మట్టానికీ లీటర్లు సమానం కావు. ఆ తేడాలన్నీ ముందే పట్టికగా రాసి కంప్యూటరుకు ఇస్తారు. ఆ పట్టికలోనో, సంకేతాన్ని చదవడంలోనో చిన్న తప్పు దొర్లినా గీతలన్నీ తప్పే.

పైకొసలోనూ అడుగునా మీటరు కొంత మౌనంగా ఉంటుంది. ట్యాంకు నిండక ముందే ఫ్లోట్ పైకి తాకి ఆగిపోతుంది. అందుకే ఫుల్ చేయించాక చాలా కిలోమీటర్ల దాకా మొదటి గీత కదలదు. అడుగున సున్నా చూపించినప్పుడు కూడా కొంత పెట్రోలు మిగిలేలా కంపెనీలు కావాలనే జాగ్రత్త పడతాయి. పైగా మలుపుల్లో పెట్రోలు అటూ ఇటూ ఊగితే గీతలు ఎగిరిపడకుండా కంప్యూటరు కాసేపటి సగటు తీసి చూపిస్తుంది. వాలులో ఆపిన బండి వేరే లెక్క చూపించడమూ సహజమే. ‘మొదటి సగం 500 వచ్చింది, రెండో సగం 300 కూడా రాలేదు’ అని బాధపడేవాళ్ల బండిలో చాలాసార్లు లోపం ఉండదు.

తెర మీద ‘ఇంకా ఇన్ని కిలోమీటర్లు’ అని కనిపించే అంకె నాకు అన్నిటికన్నా ఆందోళన కలిగిస్తుంది. మిగిలిన పెట్రోలు అంచనాను ఈ మధ్య వచ్చిన సగటు మైలేజీతో గుణిస్తే వచ్చే ఫలితం అది. మీటరు 10 లీటర్లు ఉందనుకుంది, ఊళ్లో మైలేజీ 24 వచ్చింది అనుకుందాం. తెర 240 అంటుంది. నిజంగా ఉన్నవి 8 లీటర్లే అయి, మీరు హైవే ఎక్కి వేగంగా పోతే మైలేజీ 18కి పడిపోతుంది. అప్పుడు వచ్చేది 144 కిలోమీటర్లు. రెండు చిన్న తప్పులు కలిసి దాదాపు వంద కిలోమీటర్లు మింగేశాయి. ఊళ్లో మైలేజీకీ హైవే మైలేజీకీ తేడా ఎక్కువైన హైబ్రిడ్‌కే ఈ ప్రమాదం ఎక్కువ.

‘పెట్రోలు అయిపోతే బ్యాటరీ మీద వెళ్లొచ్చుగా’ అని అడిగేవాళ్లున్నారు. ఆ 0.76 యూనిట్ల బ్యాటరీ రోడ్డు పక్కకు చేరడానికో, మహా అయితే కాస్త ముందుకు పోవడానికో పనికొస్తుంది. హైబ్రిడ్‌లో ఇంజనును తిప్పి స్టార్టు చేసేది కూడా ఆ పెద్ద బ్యాటరీయే. దాన్నీ ఖాళీ చేసుకుంటే తర్వాత క్యానుతో పెట్రోలు తెచ్చి పోసినా బండి కదలకపోవచ్చు.

అమెరికాలో ఆగిన నాజిల్

డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మనవాళ్లకు టొయోటా రావ్4 హైబ్రిడ్ బాగా తెలిసిన బండి. 2019లో అక్కడ వచ్చిన కొత్త రూపానికి ట్యాంకు 14.5 గ్యాలన్లు, అంటే దాదాపు 55 లీటర్లు. మీటరు ఖాళీ అని చూపించే దశలో బంకుకి వెళ్తే పది గ్యాలన్ల దగ్గరే నాజిల్ టక్కుమని ఆగిపోయేదని యజమానులు ఫిర్యాదు చేశారు. గ్యాలనుకు 40 మైళ్ల లెక్కన 580 మైళ్లు పోవాల్సిన బండి నాలుగు వందల మైళ్లకే మళ్లీ బంకు వెతుక్కునేది. ట్యాంకు ఆకారంలో తేడాల వల్ల పూర్తిగా నిండకపోవచ్చని టొయోటా చివరికి ఒప్పుకుంది. కోర్టు కేసులు నడిచాయి. ట్యాంకునూ దాని లోపలి భాగాలనూ మార్చే ఏర్పాటు జరిగింది. బండి మైలేజీ బాగానే ఉంది. నమ్మకం దెబ్బతిన్నది ట్యాంకు దగ్గర.

అక్కడి ఏర్పాటులో మనం నేర్చుకోవాల్సింది ఒకటుంది. ఆ దేశపు పర్యావరణ సంస్థ ఈపీఏ ప్రతి కొత్త కారు అద్దానికీ అంటించే కాగితం మీద ఊరికీ హైవేకీ వేరువేరు అంకెలు ఉంటాయి. ఈ రావ్4 హైబ్రిడ్‌కి ఊళ్లో 41, హైవేలో 38. ఊళ్లోనే ఎక్కువన్న సంగతి కొనకముందే కళ్లెదుట కనిపిస్తుంది. 2008 మోడళ్ల నుంచి అధిక వేగం, ఏసీ వాడకం, చలి వాతావరణం లెక్కలోకి వచ్చేలా ఐదు రకాల పరీక్షలు జరుగుతున్నాయి. అంత చేసినా తప్పులు దొర్లాయి. ఫోర్డ్ తన సీ-మ్యాక్స్ హైబ్రిడ్‌కి 47 మైళ్లని చెప్పి, 2013లో దాన్ని 43కి, 2014లో 40కి తగ్గించుకుని, కొన్నవాళ్లకు డబ్బు చెల్లించింది. అదే ఇంజనున్న మరో కారుకు చేసిన పరీక్ష ఫలితాన్ని దీనికీ వాడుకోవడం మొదటి తగ్గింపుకు మూలం.

మీ లెక్క మీరే కట్టండి

తెర చూపే సగటు మైలేజీ, ఇంజెక్టరు ఎంత పెట్రోలు చిమ్మిందో కంప్యూటరు వేసుకున్న లెక్క. అది తరచూ నిజం కన్నా కొంచెం ఎక్కువే చూపిస్తుంది. నమ్మదగింది పాత పద్ధతే. ట్యాంకు నింపించి, నాజిల్ మొదటిసారి ఆగినప్పుడే చాలనండి. ట్రిప్ మీటరు సున్నా చేయండి. తర్వాతిసారి అదే బంకులో, వీలైతే అదే పంపు దగ్గర, బండిని అదే దిశలో నిలిపి మళ్లీ మొదటి ఆగుడు దాకా నింపండి. నడిచిన కిలోమీటర్లను ఆ లీటర్లతో భాగించండి. ఒక్కసారి వచ్చిన అంకెను మాత్రం పట్టుకోవద్దు. నాజిల్ కాస్త ముందే ఆగితే మైలేజీ అబద్ధంగా పెరిగిపోతుంది. కొన్ని ట్యాంకుల మొత్తం తీసుకుంటేనే నిజం తేలుతుంది.

నాజిల్ ఆగాక ‘రౌండు ఫిగర్ చేద్దాం’ అని మెడ దాకా పోయించడం అస్సలు మంచిది కాదు. ట్యాంకు ఆవిరిని పీల్చుకునే బొగ్గు డబ్బా ఒకటి ఉంటుంది. అందులోకి ద్రవంగా పెట్రోలు చేరితే అది పాడవుతుంది. బంకు కొలత మీద అనుమానం ఉంటే 5 లీటర్ల ప్రామాణిక పాత్రలో పోసి చూపించమని అడగడం మన హక్కు. 5 లీటర్లకు 25 మిల్లీలీటర్ల దాకా తేడాను నిబంధనలు అనుమతిస్తాయి.

20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోలునూ లెక్కలోకి తీసుకోవాలి. ఇథనాల్‌లో లీటరుకు ఉండే శక్తి పెట్రోలు కన్నా దాదాపు మూడోవంతు తక్కువ. ఈ20కి తగ్గట్టు సరిచేసిన బండ్లలో మైలేజీ 1 నుంచి 2 శాతం, పాత తరం కార్లలో 6 నుంచి 7 శాతం తగ్గవచ్చని 2021లో నీతి ఆయోగ్ నివేదికే అంచనా వేసింది.

వెనక్కి పిలిచిన బండ్లలో మీది ఉందేమో చాసిస్ నంబరుతో కంపెనీ వెబ్‌సైటులో చూసుకోవచ్చు. ఉంటే లోపమున్న భాగాన్ని ఉచితంగానే మారుస్తారు. అప్పటిదాకా మీటరుతో పాటు ట్రిప్ మీటరునూ చూసుకుంటూ, మీ బండి హైవే మైలేజీతో లెక్క వేసుకుని ముందుగానే బంకులో ఆగండి.

మిగతా పని ప్రభుత్వానిదీ కంపెనీలదీ. ఐరోపాలో 2021 నుంచి ప్రతి కొత్త కారులోనూ వాస్తవ ఇంధన వినియోగాన్ని నమోదు చేసే ఏర్పాటు తప్పనిసరి. ఆ సమాచారాన్ని పోగుచేసి 2024లో ఐరోపా కమిషన్ ఫలితాలు బయటపెట్టింది. పెట్రోలు, డీజిలు కార్ల ఉద్గారాలు పరీక్ష అంకెల కన్నా సగటున 20 శాతం ఎక్కువని, బయటి నుంచి ఛార్జి చేసుకునే ప్లగ్-ఇన్ హైబ్రిడ్లవి ఏకంగా మూడున్నర రెట్లని తేలింది. మన రోడ్ల మీది హైబ్రిడ్ల కంప్యూటర్లు కూడా ఏ ప్రయాణానికి ఎంత తాగిందో రోజూ లెక్క వేస్తూనే ఉన్నాయి. యజమాని పేరు బయటపడకుండా ఆ లెక్కల సగటును ఏటా ప్రకటించమని మన రవాణా శాఖ కంపెనీలను ఆదేశించాలి. షోరూములో కారు అద్దం మీద ఊరికి ఒకటి, హైవేకి ఒకటి, ఏసీతో ఒకటి, మూడు అంకెలు అచ్చువేసి ఉండాలి.