దేన్నీ విసరకుండా కదిలే ఇంజన్

ప్రతిచర్య లేని ఇంజన్ అంటే తనలోంచి ఏదీ బయటికి వదలకుండా, నేలనూ గాలినీ తన్నకుండా శూన్యంలో ముందుకు సాగుతుందని చెప్పే యంత్రం. అటువంటిది ఇంతవరకు ఒక్కటీ పనిచేయలేదు. అడ్డుపడేది ద్రవ్యవేగ నిత్యత్వ నియమం. బయటి బలం లేనప్పుడు ఒక వ్యవస్థ మొత్తం ద్రవ్యవేగం మారదు. ఒక భాగం ముందుకు పోవాలంటే మరొకటి వెనక్కి పోవాల్సిందే. లోపలి భాగాలు ఒకదాన్నొకటి ఎంత నెట్టుకున్నా అది బండిలో కూర్చొని బండిని తోయడమే.

ఈ నియమానికి చెల్లించే మూల్యం శ్రీకాళహస్తికి దాదాపు సూటిగా తూర్పున, పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ నడుమ ఉన్న శ్రీహరికోటలో కనిపిస్తుంది. 1971 అక్టోబర్ 9న రోహిణి-125 రాకెట్‌తో అక్కడ ప్రయోగాలు మొదలయ్యాయి. అక్కడి నుంచి లేచే పీఎస్‌ఎల్‌వీ ఎక్స్‌ఎల్ రాకెట్ బరువు సుమారు 320 టన్నులు. మొదటి దశలోనే 138 టన్నుల ఘన ఇంధనం ఉంటుంది. రెండు నిమిషాలు తిరక్కముందే అదంతా కాలి, సెకనుకు సుమారు రెండున్నర కిలోమీటర్ల వేగంతో వెనక్కి పోతుంది. ఇంతా చేసి 600 కిలోమీటర్ల ఎత్తున సూర్యానువర్తన ధ్రువ కక్ష్యకు చేర్చగలిగేది 1,750 కిలోలు. ఏదీ విసరనక్కరలేని ఇంజన్ కోసం మనుషులు ఆశపడటంలో వింతేమీ లేదు.

అమెరికాలో నార్మన్ డీన్ 1959లో అలాంటి యంత్రానికి పేటెంట్ పొందాడు. ఇరుసుకు ఒక పక్కగా బిగించిన బరువులు తిరిగేటప్పుడు పుట్టే అదురును ఒకే దిశలో తోపుగా మార్చానన్నాడు. 'అస్టౌండింగ్' పత్రిక సంపాదకుడు జాన్ క్యాంప్‌బెల్ 1960లో దానికి గొప్ప ప్రచారం ఇచ్చాడు. ఇలాంటి పెట్టెలు బల్ల మీద జరగడం నిజమే, కానీ జరిపేది ఘర్షణ. బరువు మెల్లగా కదిలినప్పుడు ఘర్షణ పెట్టెను పట్టి ఉంచుతుంది, విసురుగా కదిలినప్పుడు పట్టు తప్పి పెట్టె జరుగుతుంది. అవి తన్నేది బల్లనే.

బ్రిటిష్ ఇంజనీరు రోజర్ షాయర్ ఎమ్‌డ్రైవ్ అంతకంటే నేర్పైనది. కొన కోసిన శంకువు లాంటి మూసిన రాగి పాత్రలో మైక్రోవేవ్ తరంగాలు వెడల్పు కొసను ఎక్కువగా, ఇరుకు కొసను తక్కువగా ఒత్తుతాయని ఆయన వాదన. వాలుగా ఉన్న పక్క గోడల మీది ఒత్తిడిని కూడా కలిపితే మొత్తం సున్నా. అయినా 2016లో నాసా జాన్సన్ కేంద్రంలోని హారొల్డ్ వైట్ బృందం కిలోవాట్‌కు 1.2 మిల్లీన్యూటన్ల తోపు కొలిచామని ప్రచురించింది. అదే శక్తితో కాంతిని నేరుగా వెనక్కి వదిలితే వచ్చేది 3.3 మైక్రోన్యూటన్లే. అంటే చెప్పిన తోపు దానికి సుమారు 360 రెట్లు.

ఈ కథలో అన్నిటికంటే గౌరవించదగ్గది తర్వాత జరిగిన పరిశీలన. జర్మనీలోని డ్రెస్డెన్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో మార్టిన్ తాజ్మార్ బృందం మరింత సున్నితమైన తక్కెడ కట్టింది. 2018లో, పాత్రలోకి వెళ్లే తరంగాలను బాగా తగ్గించినా తోపు తగ్గలేదని గమనించి, తీగల్లోని విద్యుత్తుకూ భూ అయస్కాంత క్షేత్రానికీ మధ్య బలాన్ని అనుమానించింది. 2021లో, వేడికి బిగింపులు సాగడమే నాసా కొలిచినలాంటి తోపుకు కారణమని తేల్చింది. బిగింపు మార్చాక తోపు మిగల్లేదు.

విసిరే పదార్థాన్ని తగ్గించే దారి మాత్రం ఉంది. తక్కువే విసరాలి, కానీ చాలా వేగంగా విసరాలి. 2017 మే 5న శ్రీహరికోట నుంచి వెళ్లిన జీశాట్-9లో ఇస్రో విద్యుత్ థ్రస్టర్లు అమర్చింది. అవి జినాన్ వాయువును అయాన్లుగా మార్చి, రసాయన రాకెట్ వాయువుల కంటే ఎన్నో రెట్ల వేగంతో బయటికి తరుముతాయి. తోపు స్వల్పమే అయినా, ఉపగ్రహాన్ని కక్ష్యలో తన చోట నిలిపి ఉంచడానికి అది చాలు. ట్యాంకులో జినాన్ ఉన్నంతవరకే అవి పనిచేస్తాయి.