అడుగుకి అరంగుళం: మీ ఊరి ట్రాక్టరు, చేపల లారీ మీ చేతుల్లో

ముంజికాయల బండి తోయని రైతుబిడ్డ మన ప్రాంతంలో ఉన్నాడా? ముంజెలు తినేశాక రెండు కాయల మధ్య పుల్ల గుచ్చి, పంగల కర్ర తగిలించి, నోటితోనే హారన్ కొట్టుకుంటూ పుంత వెంబడి పరుగెత్తిన వాళ్ళమే అందరం. కాస్త పెద్దయ్యాక తెగిపోయిన హవాయి చెప్పుల్ని గుండ్రంగా కోసి చక్రాలు చేశాం. ఆ పక్క అగ్గిపెట్టె, ఈ పక్క అగ్గిపెట్టె అతికించి లారీ అన్నాం.

అదే పని పెద్దవాళ్ళు టేపు పట్టి కొలిచి, ఓపిగ్గా చేస్తే దాన్ని నమూనా బండి అంటారు. అసలు బండి ఎలా ఉంటుందో అచ్చం అలాగే, అరచేతిలో పట్టేంత. దాళ్వా కోతలు అయి కాలువలు కట్టేశాక, మళ్ళీ నీళ్ళు వదిలేదాకా డెల్టాలో చిన్న రైతుకి చేతినిండా పని ఉండదు. కొల్లేటి ఊళ్ళలో చెరువుల మీద కూలికి పోయే కుర్రాళ్ళకి కూడా ఒక పట్టుబడికీ ఇంకో పట్టుబడికీ మధ్య ఖాళీ రోజులు ఉంటాయి. ఆ రోజుల్లో ఈ పని నేర్చుకోవచ్చు. అయితే ముందే ఒక మాట. దీనికి అప్పు చేయవద్దు. అప్పు చేయాల్సినంత సామాను దీనికి అక్కర్లేదు కూడా.

పక్కనే ఉంది పాఠం

విజయవాడ దాటగానే కొండపల్లి. అక్కడి బొమ్మలు చూడనివాళ్ళు తక్కువ. ఎడ్లబండి, అంబారీ ఏనుగు, కల్లుగీత కార్మికుడు, దశావతారాలు ఇవన్నీ తెల్లపొణికి కర్రతో చేస్తారు. ఆ కర్ర తేలిక, మెత్తన. ముందు దాన్ని సన్నని సెగ మీద బాగా ఆరబెడతారు. బొమ్మ మొత్తాన్ని ఒకే దుంగలోంచి చెక్కరు. చేతులు, కాళ్ళు, చక్రాలు వేర్వేరుగా చెక్కి, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. అతుకులు కనపడకుండా నునుపు చేసి, సుద్ద పూసి, ఆ పైన రంగులు వేస్తారు.

మన పనికి ఇందులో మూడు సంగతులు పనికొస్తాయి. కర్ర బాగా ఆరాలి. భాగాలు విడివిడిగా చేయాలి. రంగు కింద పూత తప్పనిసరి.

తెల్లపొణికి మన డెల్టాలో దొరకదు. దానికోసం అడవిలోకి పోవద్దు. వడ్రంగి షెడ్డులో పారేసే మామిడి, టేకు ముక్కలు, పాత ప్యాకింగ్ పెట్టెల పలకలు, పుల్ల ఐసు పుల్లలు, అగ్గిపుల్లలు మనకి చాలు.

చెక్క ముక్కలతో ఏమవుతుందిలే అనుకోకండి. నమూనా బళ్ళకి ప్రపంచంలో పేరున్న జపాన్ కంపెనీ టామియా 1946లో షిజువోకా పట్టణంలో ఒక కోతమిల్లుగా మొదలైంది. తర్వాత కొద్దికాలానికే చెక్కతో ఓడలు, విమానాల నమూనాలు చేసింది. ప్లాస్టిక్‌లోకి ఆ తర్వాతే వెళ్ళింది. ఇంగ్లండులో 1953లో వచ్చిన ‘మ్యాచ్‌బాక్స్’ కార్ల కథ ఇంకా చిత్రం. లెస్నీ కంపెనీలో జాక్ ఓడెల్ అనే ఇంజనీరు ఉండేవాడు. ఆయన కూతురి బడిలో అగ్గిపెట్టెలో పట్టే బొమ్మలే తేనిచ్చేవారట. ఆయన అగ్గిపెట్టెలో పట్టేంత రోడ్డు రోలరు చేసిచ్చాడు. వ్యాపారం అక్కడ అందుకుంది.

కొలతే ప్రాణం

నమూనాకీ ఆటబొమ్మకీ తేడా కొలతలో ఉంది. అసలు బండిని ఎన్నో వంతుకి తగ్గించామో ఆ లెక్క ప్రతి భాగానికీ ఒకేలా ఉండాలి. నమూనా కార్లు చేసేవాళ్ళు ఎక్కువగా వాడే లెక్కల్లో ఒకటి 24వ వంతు. ఇది మనకి చాలా వీలు. ఎందుకంటే 24వ వంతు అంటే అడుగుకి అరంగుళం. గుర్తుపెట్టుకోవడానికి ఇంతకంటే తేలిక లేదు.

మీ వీధిలో ట్రాక్టరు ట్రక్కు దగ్గరకి టేపు పట్టుకు వెళ్ళండి. తొట్టి పొడవు 10 అడుగులు ఉంటే నమూనాలో 5 అంగుళాలు. వెడల్పు 6 అడుగులైతే 3 అంగుళాలు. పక్క రేకు ఎత్తు 2 అడుగులైతే 1 అంగుళం. లారీ బాడీ 18 అడుగులుంటే 9 అంగుళాలు.

చిన్న భాగాలకి ఇంకో లెక్క ఉంది. అసలు బండి మీద ఒక అంగుళం అంటే నమూనాలో దాదాపు ఒక మిల్లీమీటరు. లారీ పక్క పలక మందం అంగుళంన్నర ఉందనుకోండి, మీ పుల్ల మందం మిల్లీమీటరున్నర ఉండాలి. కొత్తవాళ్ళు చేసే పెద్ద తప్పు ఇక్కడే. 6 మిల్లీమీటర్ల ప్లైవుడ్డుతో పక్కలు కడతారు. అసలు లెక్కలో అది 6 అంగుళాల మందం గోడ అవుతుంది. బండి మొద్దుగా కనపడుతుంది. చూసినవాళ్ళకి తప్పేమిటో తెలియదు గానీ, ‘ఏదో తేడాగా ఉందయ్యా’ అంటారు.

కొలతలన్నీ ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. ముందు, వెనక, పక్క, పైన నాలుగు వైపుల బొమ్మ వేసుకోండి. ఒక రోజు దీనికే పోయినా ఫర్వాలేదు. కొలతలు తప్పితే తర్వాత వారం పని దండగ.

చక్రాలు మన పైపుల్లోనే ఉన్నాయి

చక్రం కుదిరితే సగం బండి కుదిరినట్టే. దీనికి పొలంలో వాడే పీవీసీ పైపు ముక్కలు భేషుగ్గా పనికొస్తాయి. ఈ పైపుల సైజు బయటి కొలత ప్రకారం చెబుతారు.

పెద్ద లారీ టైరు ఎత్తు సుమారు 42 అంగుళాలు. నమూనాలో 44 మిల్లీమీటర్లు రావాలి. 40 మిల్లీమీటర్ల పైపు తీసుకుని, పాత సైకిల్ ట్యూబు పట్టీ రెండు చుట్లు చుట్టి అతికిస్తే సరిగ్గా అంత వస్తుంది. ట్రాక్టరు వెనక టైరుకి 50 మిల్లీమీటర్ల పైపు, దానికీ రెండు చుట్లు. ముందు టైరుకి 32 మిల్లీమీటర్ల పైపు, నల్ల రంగు వేస్తే చాలు. కంపెనీని బట్టి టైర్ల సైజు మారుతుంది కాబట్టి మీ బండిది మీరు కొలుచుకోవాలి.

ముక్క వెడల్పు లారీకి 11, 12 మిల్లీమీటర్లు, ట్రాక్టరు వెనక చక్రానికి 14 వరకు ఉంచండి. లారీకి వెనక జంట టైర్లు మర్చిపోకండి. ఆక్సా బ్లేడుతో కోసేటప్పుడు పైపు చుట్టూ కాగితం చుట్టి గీత గీసుకుంటే కోత వంకర పోదు. లోపల చెక్క బిళ్ళ బిగించి, సరిగ్గా మధ్యలో బరమాతో చిల్లు వేయండి. ఇరుసుకి సైకిల్ ఊచ సరిపోతుంది. చిల్లు ఒక్క వెంట్రుక పక్కకి పోయినా చక్రం ఎగిరెగిరి పడుతుంది. అలాంటిది పక్కన పడేసి ఇంకోటి చేయండి.

ఛాసీ ముందు, బాడీ తర్వాత

నిజం లారీ ఎలా పుడుతుందో నమూనా కూడా అలాగే పుట్టాలి. ఫ్యాక్టరీ నుంచి ఛాసీ వస్తుంది. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట దాని మీద బాడీ కడతారు. అవకాశం ఉంటే బాడీ కట్టే షెడ్డులో ఒక పూట నిలబడి చూడండి. అడ్డపట్టీలు ఎక్కడ వేస్తున్నారు, పక్క నిలువులు ఎన్ని, వెనక తలుపు గొలుసు ఎక్కడ తగులుతుంది అన్నీ అర్థమవుతాయి.

రెండు పొడుగు పట్టీలు సమానంగా పెట్టి, అడ్డపట్టీలతో ఛాసీ బిగించండి. కింద కమాను కట్టలకి ప్యాకింగ్ పెట్టెలకి చుట్టే ప్లాస్టిక్ పట్టీ వాడవచ్చు. ఒకదానికంటే ఒకటి పొట్టిగా కోసి దొంతర పెట్టండి. చక్రాలు బిగించి బల్ల మీద దొర్లించి చూడండి. నాలుగు మూలలా చక్రాలు నేలకి ఆనాలి. అప్పుడే బాడీ మొదలుపెట్టాలి.

క్యాబిన్‌కి ముందు అట్టతో ఒక నమూనా కోసి చూసుకుని, అది కుదిరాక చెక్కతో చేయండి. అద్దాలకి చొక్కా పెట్టెల మీద వచ్చే పారదర్శక ప్లాస్టిక్ చాలు. వెనక ఎర్ర లైట్లకి ఇంట్లో ఆడవాళ్ళు పెట్టుకునే స్టిక్కర్ బొట్టుబిళ్ళలు అతికితే అచ్చం రిఫ్లెక్టరులా ఉంటాయి.

చేపల ప్యాకింగ్ దగ్గర పారేసే థర్మోకోల్ పెట్టెల ముక్కలతో మచ్చుకి బండి కోసి చూసుకోవచ్చు. కానీ దాని మీద ఎనామిల్ రంగు గానీ, థిన్నరు గానీ వేస్తే కరిగి గుంటలు పడుతుంది. థర్మోకోల్‌ని కాల్చకండి, ఆ పొగ మంచిది కాదు.

ఇక రంగు. గరుకు కాగితంతో రుద్ది, ఒక పూత ప్రైమరు వేసి, ఆరాక మళ్ళీ రుద్ది, అప్పుడు రంగు వేయాలి. ఒకేసారి చిక్కగా వేసే బదులు పలచగా రెండు, మూడు సార్లు వేయండి. ఇంటి రంగుల్లో సీసం పదిలక్షల్లో 90 వంతులు మించరాదని 2017 నవంబరు నుంచి నిబంధన అమల్లో ఉంది. డబ్బా మీద ఆ మాట ఉన్న రంగే కొనండి. పేరూ ఊరూ లేని విడి రంగులు వద్దు.

ఎవరి బండో గుర్తుపట్టాలి

బజార్లో ప్లాస్టిక్ లారీ బొమ్మలు చవగ్గా దొరుకుతాయి. ధరలో వాటితో పోటీ పడితే మనం నష్టపోతాం. మనం అమ్మాల్సింది ఫలానా వాళ్ళ బండి. తాడేపల్లిగూడెం మార్కెట్టుకి కర్నూలు ఉల్లి వేసుకొచ్చే లారీ యజమానికి తన లారీయే కావాలి. తన ముందు పలక మీద రాయించుకున్న పిల్లల పేర్లు, అద్దం దగ్గర నిమ్మకాయ, మిరపకాయలు, వెనక వేయించిన బొమ్మ, అన్నీ ఉండాలి.

నంబరు కూడా ముఖ్యమే. 2019కి ముందు పశ్చిమ గోదావరి బళ్ళకి ఏపీ 37 ఉండేది. ఆ తర్వాత రాష్ట్రమంతటికీ కలిపి ఏపీ 39 వచ్చింది. తండ్రి నడిపిన పాత బండిని ఎప్పుడో అమ్మేసుకున్న కొడుక్కి ఆ 37 నంబరు పలకే విలువ. బండి ఇప్పుడు లేకపోతే పాత ఫొటోలు అడిగి తీసుకోండి.

కొల్లేటి వైపు చేపల లారీ చేస్తే ట్రేల దొంతర, పైన టార్పాలిన్, తాడు ముడులు కూడా వేయండి. ట్రాక్టరు చేస్తే ట్రక్కులో ధాన్యం బస్తాలు, లేదా దమ్ము చక్రాలు. ఈ వివరాలు పట్నంలో కూర్చుని చేసేవాడికి తెలియవు. మీకు తెలుసు. మీ పెట్టుబడి అదే.

లెక్క వేసుకున్నాకే ధర

మొదటి రెండు బళ్ళు నేర్చుకోవడానికి. వాటిని అమ్మే ఆలోచన పెట్టుకోకండి. మూడో బండి నుంచి ఎన్ని గంటలు పట్టిందో రాయండి. ఉదాహరణకి 24 గంటలు పట్టిందనుకోండి. అంటే మూడు రోజుల పని. మీ ఊళ్ళో మూడు రోజుల కూలి, దానికి రంగు, జిగురు, సామాను ఖర్చు, పాడైన ముక్కల ఖర్చు కలపండి. అంతకంటే తక్కువకి అమ్మితే కూలికి వెళ్ళడమే నయం. ఆ ధర ఎవరూ ఇవ్వకపోతే దీన్ని సరదాగానే ఉంచుకోండి, తప్పు లేదు. పొలం పని, పశువుల పని మానుకుని మాత్రం దీని వెంట పడకండి.

ఆర్డరు వస్తే సగం సొమ్ము ముందు తీసుకోండి. వేరే వాళ్ళ పేరు రాసిన బండి ఇంకొకరు కొనరు కదా.

అమ్మే ముందు తెలుసుకోవాల్సింది

2021 జనవరి 1 నుంచి 14 ఏళ్ళ లోపు పిల్లలు ఆడుకునే బొమ్మలకి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి అయింది. కేంద్ర హస్తకళల అభివృద్ధి కమిషనర్ కార్యాలయంలో నమోదైన చేతిపనివారు చేసి అమ్మే వాటికి మినహాయింపు ఇచ్చారు. కాబట్టి అమ్మకం మొదలుపెట్టే ముందు నమోదు సంగతి కనుక్కోండి. మీరు చేసేది బీరువాలో పెట్టుకునే నమూనా అని, చిన్న చిన్న ముక్కలుంటాయి గనక పసిపిల్లల చేతికి ఇవ్వవద్దని కొనేవారికి స్పష్టంగా చెప్పండి.

2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో సంప్రదాయ బొమ్మల తయారీ ఒకటి. శిక్షణ, 15 వేల రూపాయల వరకు పనిముట్ల సాయం అందులో ఉన్నాయి. వంశపారంపర్యంగా వృత్తిలో ఉన్నవారిని ఉద్దేశించింది కాబట్టి మీకు వర్తిస్తుందో లేదో సచివాలయంలోనో, జిల్లా పరిశ్రమల కేంద్రంలోనో అడిగి తెలుసుకోండి. దళారులకి డబ్బు ఇవ్వవద్దు.

ఈ వేసవిలో చేయాల్సింది ఒక్కటే. ఒక టేపు, ఒక నోటుపుస్తకం తీసుకుని మీ వీధిలో ఆగి ఉన్న ట్రాక్టరు దగ్గరకి వెళ్ళి కొలతలు రాయండి. పక్కన మీ అబ్బాయినో అమ్మాయినో టేపు రెండో కొస పట్టుకోమనండి. అడుగుకి అరంగుళం లెక్క వాళ్ళే మీకంటే ముందు కట్టేస్తారు. కాలువలకి నీళ్ళు వచ్చేనాటికి ఒక్క బండి కుదిరినా, నారుమళ్ళ పనిలో పడే ముందు మీ చేతికి ఇంకో విద్య వచ్చినట్టే.