పరదేశమున స్థిరనివాసము: గ్రామ పెద్దలు తెలిసికొనదగిన సంగతులు

కర్లపాలెం వంటి డెల్టా గ్రామములలో నేడు రచ్చబండ చెంత నాట్లు, కాలువ నీరు, వేరుసెనగ ధరలతోపాటు వీసా, ఇకామా, గ్రీన్ కార్డు అను మాటలును వినబడుచున్నవి. కొడుకును విదేశమునకు పంపుటకు ఎకరము పొలము తనఖా పెట్టిన తండ్రి, "మావాడు అచ్చట స్థిరపడినాడు" అని సంతోషముతో చెప్పును. ఈ "స్థిరపడుట" అను మాటకు చట్టములో ఏమి అర్థము కలదో తెలియకపోవుట వలననే పెక్కు కుటుంబములు నష్టపోవుచున్నవి. ఇట్టి వారు సలహాకై మొదట వచ్చునది పంచాయతీ సభ్యుల యొద్దకే. కావున ఈ విషయమును కొంత వివరింపదలచితిమి.

నాలుగు మెట్లు

పరదేశమున నివసించువారి స్థితిని నాలుగు మెట్లుగా భావింపవచ్చును. మొదటిది సందర్శకుని స్థితి: చూచి రావలెనే గాని పని చేయరాదు. రెండవది తాత్కాలిక నివాసము: చదువుకొరకో, ఒక యజమాని యొద్ద ఉద్యోగము కొరకో, ఒక గడువు వరకు మాత్రమే ఇచ్చునది. మూడవది శాశ్వత నివాసము: ఉద్యోగము మారినను, పోయినను ఉండుటకు హక్కు నిలుచును. నాలుగవది పౌరసత్వము. వేతనము ఎంత పెద్దదైనను, ఇల్లు కొన్నను, రెండవ మెట్టుపై నున్నవాడు స్థిరపడినవాడు కాడు.

బర్మా నేర్పిన పాఠము

ఈ సత్యము మన ఆంధ్రులకు క్రొత్త కాదు. మన కోస్తా ప్రజలు తరతరములుగా రంగూనునకు ఓడలపై పోయి రేవులలోను, మిల్లులలోను పని చేసిరి. 1948లో బర్మా స్వతంత్రమైనప్పుడు ఆ దేశము పౌరసత్వ చట్టములు చేసినది. చాలకాలముగా నివసించుచున్నవారు దరఖాస్తు చేసికొనుటకు అవకాశ మిచ్చినను, రుజువు పత్రములు లేకయో, అవసరము తోచకయో అనేకులు ఊరకుండిరి, విదేశీయులుగనే మిగిలిపోయిరి. 1962లో సైనిక ప్రభుత్వ మేర్పడి, 1964లో వ్యాపారములను జాతీయము చేయగా, లక్షకు పైగా భారతీయులు ఆస్తులు విడిచి తిరిగి వచ్చిరి. విశాఖపట్నములోని బర్మా క్యాంపు అను పేరు ఆ కథకు గుర్తుగా నేటికిని నిలిచియున్నది. ఎన్నేండ్లు కాపురమున్నను, కాగితము లేని కాపురము హక్కు కానేరదు.

దేశమునకొక పద్ధతి

గల్ఫు దేశములలో పనివారి నివాసము సాధారణముగా యజమానితో ముడిపడియుండును. ఇకామా అను నివాసపత్రము గడువు తీరినను, అనుమతి లేక యజమానిని విడిచినను, ఆ మనుష్యుడు చట్టవిరుద్ధముగా నున్నట్లే. 2024లో యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ ప్రభుత్వము క్షమాభిక్ష ప్రకటించి, అట్టివారు జరిమానా లేకుండ స్థితిని సరిచేసికొనుటకో స్వదేశము చేరుటకో అవకాశ మిచ్చినది. కాని క్షమాభిక్ష ఎప్పుడో వచ్చును. దానిని నమ్ముకొని పోరాదు. సందర్శక వీసాపై పంపి "అచ్చట మార్పించెదము" అను ఏజంటు మాటను అసలు నమ్మరాదు.

అమెరికాలో హెచ్-1బి అనునది ఉద్యోగ వీసా. సాధారణముగా మొదట మూడేండ్లు, మొత్తము ఆరేండ్లు చెల్లును. ఉద్యోగము పోయినచో 60 దినములకు మించని గడువులోనే మరియొక దారి చూచుకొనవలెను. గ్రీన్ కార్డు శాశ్వత నివాసమునకు గుర్తు. ఏటేట ఇచ్చు ఈ కార్డులలో ఒక్కొక్క దేశమున జన్మించినవారికి నూటికి ఏడు పాళ్లకు మించరాదను పరిమితి యుండుటచే భారతీయుల వరుస మిక్కిలి పొడవైనది. ఈలోగా పిల్లలకు 21 ఏండ్లు నిండినచో తలిదండ్రుల వీసాపై నుండుటకు వీలులేదు. గ్రీన్ కార్డు గలవారును ముందస్తు అనుమతి లేక ఏడాదికి పైగా దేశము వెలుపల నున్నచో చిక్కులు కలుగును. కావున వృద్ధులైన తలిదండ్రుల సేవకై వచ్చువారు ఈ గడువును మరువరాదు.

ఎవరి సహాయము పొందవలెను?

జ్వరమునకు వైద్యుని చూచుకొనునట్లే, ఈ విషయమునకు అర్హుడైన న్యాయనిపుణుని చూచుకొనవలెను. అమెరికాలో న్యాయవాదులకును, ప్రభుత్వ గుర్తింపు పొందిన ప్రతినిధులకును మాత్రమే ఇట్టి న్యాయసలహా ఇచ్చు అధికారము కలదు. బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియాలలో సలహాదారుల నమోదుకు ప్రత్యేక సంస్థలున్నవి. సలహాదారుని పేరు ఆ జాబితాలో నున్నదో లేదో ఎవరైనను చూడవచ్చును.

2011లో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ విశ్వవిద్యాలయముపై అధికారులు దాడి చేసినప్పుడు, అందు చేరినవారిలో అనేకులు మన తెలుగు విద్యార్థులే. చదువు పేర వీసాలు అమ్మిన సంస్థను నమ్మినందున వారి స్థితి ఒక్క దినములో ఊడిపోయినది. కొందరి కాళ్లకు నిఘా పరికరములు సైతము తగిలించిరి. రుసుము కట్టు ముందు నిపుణుని ఒక్క మాట అడిగియుండిన ఎంత మేలయ్యెడిది!

పనికై పోవువారికి మన దేశమున 1983 నాటి వలసల చట్టము రక్షణ కల్పించినది. పదవ తరగతి ఉత్తీర్ణులు కానివారు గల్ఫు దేశములతో సహా 18 దేశములకు పనికై పోవుటకు వలసల రక్షణాధికారి అనుమతి కావలెను. ఏజంటు పేరు ఈ-మైగ్రేట్ జాబితాలో నుండవలెను. సేవారుసుము 30,000 రూపాయలు, దానిపై జి.ఎస్.టి.కి మించి తీసికొనరాదు. తీసికొన్నదానికి రశీదు ఇయ్యవలెను. విదేశమున కష్టము కలిగినచో భారత రాయబార కార్యాలయమును, మదద్ అను ఫిర్యాదు విధానమును, రాష్ట్రమున ప్రవాసాంధ్రుల సంస్థ ఏ.పి.ఎన్.ఆర్.టి.ని ఆశ్రయింపవచ్చును.

పంచాయతీ చేయదగిన పని

ఎంత గొప్ప న్యాయవాదియైనను గ్రామమునుండి రావలసిన కాగితమును సృష్టింపలేడు. ఇందు ముఖ్యమైనది జనన ధ్రువపత్రము. అమెరికా వరుసలో స్థానము నిర్ణయించునది జన్మస్థలమే గదా! 1969 నాటి చట్టము ప్రకారము జననమును 21 దినములలో తెలుపవలెను. ఏడాది దాటినచో మేజిస్ట్రేటు ఉత్తరువు కావలెను. పూర్వము నమోదు కానివారు, రికార్డు లేదను పత్రమును పొంది నిపుణునకు చూపవలెను.

రెండవది పేరు. మనము ఇంటిపేరును ముందు వ్రాసెదము, పొడి అక్షరములతో సరిపెట్టెదము. పాఠశాల పత్రమున నొక విధముగను, పాస్‌పోర్టులో మరొక విధముగను ఉన్నచో విదేశాధికారి ఇద్దరు మనుష్యులని శంకించును. శిశువు పేరు నమోదగునాడే ఇంటిపేరు పూర్తిగా వ్రాయించుట మేలు. భర్త చెంతకు పోవు వధువునకు 2002 నాటి చట్టము ప్రకారము చేయించిన వివాహ నమోదు అవసరము. మొగమాటమునకు లోబడి తప్పుడు ధ్రువపత్రము ఎన్నడును ఇయ్యరాదు. అది బయటపడిన నాడు శిక్ష అనుభవించువాడు ఆ యువకుడే.

మరియొక సంగతి. విదేశ పౌరసత్వము కోరి తీసికొన్నవెంటనే మన 1955 నాటి చట్టము ప్రకారము భారత పౌరసత్వము పోవును. ఓ.సి.ఐ. కార్డు పొందినవారు రాకపోకలు సాగింపవచ్చును, వారసత్వముగా పొలము పొందవచ్చును. కాని సాగుభూమి కొనరాదు, ఓటు వేయరాదు. భారత పాస్‌పోర్టుతోనే యున్న ప్రవాసికి మాత్రము, ఓటర్ల జాబితాలో పేరు నమోదు చేయించుకొన్నచో, స్వయముగా వచ్చి ఓటు వేయు హక్కు కలదు.

కావున తనఖా పత్రముపై సంతకము కాకముందే ఆ తండ్రిని కూర్చుండబెట్టి మూడు ప్రశ్నలు అడుగుడు: మీవాడు పోవునది ఏ మెట్టుపైకి? ఆ మాట చెప్పినది ఎవరు? అతడు నమోదైన వాడేనా? ఈ మూడింటికి సరియైన జవాబు దొరకువరకు పొలము పట్టా పెట్టెలోనే యుండుట క్షేమము.